బంతి లేని సాధన

గాల్ఫు ఆడువారికి ఏటేట కొన్ని నెలలు చేతులు ముడుచుకొని కూర్చుండవలసిన కాలము వచ్చును. అమెరికాలోని ఒహాయో, మిచిగన్ రాష్ట్రములందును, కెనడాలోని అంటారియోయందును శీతకాలమున పచ్చిక మంచుక్రింద నుండును. ఆ ప్రాంతములలో నేడు తెలుగు కుటుంబములు తక్కువగా లేవు; వారిలో నడివయస్సున ఈ ఆటకు అలవాటుపడినవారును కలరు. మన దేశముననే కాశ్మీరములోని గుల్మార్గు మైదానము చలినెలలలో మంచుచే మూతపడును. హైదరాబాదువారికి ఆ బాధ లేదు. గోలకొండలో నయా ఖిల్లాను ఆనుకొనియున్న మైదానమునకు పోదలచినవారిని ఆపునది మంచు కాదు, వాన. స్కాట్లండువారు మాత్రము ఈ విషయమున మొండివారు. సెంట్ ఆండ్రూసులోని పాత మైదానమున శీతకాలపు నెలలలో చిన్న చాపముక్కను వెంటగొనిపోయి, బంతిని దానిపై నుంచి కొట్టుచు, పచ్చికకు గాయము కాకుండ ఆట సాగింతురు. అందరికిని ఆ వీలు లేదు. ఇంటిగదియే మైదానము కావలసినవారి నుద్దేశించి మేమీ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

బంతి లేక, పచ్చిక లేక, గదిలో కర్ర నూపినంత మాత్రమున ఆట వచ్చునా అని ఎవరైన అడుగవచ్చును. ఒడ్డున నిలిచి ఈత నేర్చినట్లున్నదని నవ్వవచ్చును. ఆ నవ్వు ఈతకు తగినది గాని గాల్ఫుకు తగదు. ఈతలో నీరు ప్రతిక్షణము మనలను త్రోయుచుండును. క్రికెట్టులో బంతి మన మీదికి దూకి వచ్చును. గాల్ఫులోనో, బంతి కదలక మెదలక నేలపై కూర్చుండి మన కొరకు కాచుకొనియుండును. తొందర మనదే గాని దానిది కాదు. కొట్టుటకు ముందు కావలసినంత వ్యవధి యున్న ఆటలో, ఆ ముందు చేయు పనియే ప్రధానమగుటలో వింత లేదు.

ఆ బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. కర్ర తల దానిని తాకియుండు కాలము సెకనులో సుమారు రెండువేలవ వంతు. ఆ లిప్తపాటున కర్ర ముఖము ఎటు చూచుచున్నదో, బంతి చాలమట్టుకు అటే బయలుదేరును. కర్ర సాగిన దారిని బట్టియే బంతి బయలుదేరునని వెనుకటి పుస్తకములలో వ్రాసిరి. రాడారు యంత్రములతో కొలిచి చూచిన పిమ్మట, ఈ శతాబ్దమున ఆ మాట సవరింపబడినది. కర్ర ముఖమును త్రిప్పునవి చేతులు. చేతులు కర్రపై ఎట్లు కూర్చున్నవో దానిని బట్టి ముఖము తిరుగును. కనుక వేయి గజముల మైదానపు సమస్య చివరకు పది వ్రేళ్ల సమస్యయై కూర్చుండును. పది వ్రేళ్లను దిద్దుకొనుటకు మైదానమేల?

అమెరికా ఆటగాడు బెన్ హోగన్ 1949లో కారులో పోవుచుండగా ఎదురుగా వచ్చిన బస్సు ఢీకొని తీవ్రముగా గాయపడెను. 1950లో అమెరికా ఓపెన్ పోటీని గెలిచెను. అతడు హెర్బర్ట్ వారెన్ విండ్ అను రచయిత తోడ్పాటుతో 1957లో 'ఫైవ్ లెసన్స్' అను పుస్తకమును వెలువరించెను. అందలి అయిదు పాఠములలో మొదటిది పట్టు. రెండవది నిలుకడ. మూడు నాలుగు పాఠములు ఊపునకు సంబంధించినవి. అయిదవది వెనుకటి వాటి సమీక్ష. అనగా, క్రొత్త సంగతి చెప్పు నాలుగు పాఠములలో రెండు ముగియువరకు కర్ర కదలనే కదలదు! ఆ రెండింటిని పడకగదిలో నిలుచుండి నేర్వవచ్చును.

నేర్వవచ్చుననుట చాలదు; అక్కడనే నేర్వవలెనని మా అభిప్రాయము. కారణము చెప్పెదము. బంతి యెదుట నున్నప్పుడు ఆటగాని మనస్సు చేతులలో నిలువదు. బంతి వెంట పరుగెత్తును. బంతి కుడికి పోయినచో, మరుసటి దెబ్బకు దేహము తనకు తోచిన సర్దుబాటు తానే చేసికొనును. పట్టులోని తప్పు పట్టులో నుండగనే, దానిని కప్పిపుచ్చు మరొక తప్పు భుజములో చేరును. దానికి తోడుగా మోకాలిలో మూడవది చేరును. కొన్ని ఏండ్లకు ఈ తప్పులన్నియు ఒకదాని కొకటి ఊతగా నిలిచి, బంతి ఏదో యొక తీరున పోవుచునే యుండును. వాటిలో దేనిని తీసినను కట్టడమంతయు కూలును. అందుచేతనే ఆట సాగు దినములలో పట్టు మార్చుకొనుటకు ఎవరికిని ధైర్యము చాలదు. స్నేహితులతో పందెము వేసికొన్న ఆదివారమున, క్రొత్త పట్టుతో ఓడుటకు ఎవరు సమ్మతింతురు? మంచు పడిన నెలలలో ఓడుటకేమియు లేదు. మారదలచినవానికి ఏటిలో దొరకు అవకాశము అదియొక్కటే. దానిని జారవిడిచినవాడు మార్చి నెలలో పాత తప్పులతోనే, కొంత బిగిసిన నడుముతో, మైదానమునకు పోవును. నడుమునొప్పి గాల్ఫు ఆడువారిలో తరచుగా కనబడు బాధ. నాలుగు నెలలు కదలక కూర్చుండి ఒక్కసారిగా బలముకొలది విసరినచో అది రాక మానునా?

ఇక పట్టు. కుడిచేతి వాటము గలవారికి చెప్పుచున్నాము; ఎడమచేతివారు దీనిని తారుమారు చేసికొందురు గాక. కర్ర పైకొసను ఎడమచేయి పట్టును. కర్రను అరచేతి నడుమ నుంచి పిడికిలి బిగించుట అందరును మొదట చేయు తప్పు. అది రోకలిని పట్టు పద్ధతి. కర్ర చూపుడువ్రేలి నడిమి కణుపు నుండి బయలుదేరి, అరచేతి అడుగున మడమవలె ఉబ్బియుండు కండక్రిందకు ఏటవాలుగ పోవలెను. బొటనవ్రేలు కర్ర నడిగీటుకు కొంచెము కుడివైపున ఒరగవలెను. అప్పుడు తలవంచి చూచినచో ఎడమచేతి కణుపులు రెండైనను కనబడవలెను. ఒక్కటియే కనబడినచో చేయి ఎడమకు జారినదన్నమాట. బంతిని కుడికి వంచి పారవైచువారిలో పెక్కురి రహస్యమిదియే. కుడిచేయి దాని క్రింద చేరి, వ్రేళ్లతోనే కర్రను పట్టును. కుడి చిటికెనవ్రేలు ఎడమచేతి చూపుడువ్రేలికిని నడిమివ్రేలికిని మధ్యనున్న సందుపై కూర్చుండును. ఇంగ్లండు సమీపమున జెర్సీ దీవిలో పుట్టి, బ్రిటిషు ఓపెన్ పోటీని ఆరు మార్లు గెలిచిన హ్యారీ వార్డన్ పేరనే ఈ పట్టు నేటికిని చెల్లుచున్నది. దానిని కనిపెట్టినది అతడు కాదు గాని, లోకమునకు అలవాటు చేసినవాడు అతడే. చేతులు చిన్నవైనవారు ఆ చిటికెనవ్రేలిని పైన ఉంచక, సందులో పెనవైచుకొందురు. జాక్ నిక్లసు, టైగర్ వుడ్స్ పట్టినది ఆ తీరుననే.

ఎంత బిగువుగా పట్టవలెను? పసిబిడ్డ చేయి పట్టుకొని వీథి దాటించునపుడు ఎంత బిగువుందుమో అంత. వదలరాదు, నలుపరాదు. మొదటి పక్షము దినములు ఈ పట్టు తప్ప మరేమియు చేయవద్దని మా సలహా. కర్రను కుర్చీ ప్రక్కన చేరవేసి యుంచవలెను. రేడియో వినుచు, వార్తలు ముగియులోపల పదిమార్లు దానిని పట్టి, విడిచి, మరల పట్టవలెను. మొదట చేతికి పరాయిగా తోచును. పక్షము దినములలో అది పోయి, పాతదే పరాయిగా తోచును. అంతవరకు కర్రను ఊపుటకు తొందరపడినచో చేయి తనకు తెలియకయే పాత చోటునకు పాకిపోవును.

నిలుకడకు నిలువుటద్దము కావలెను. బీరువా తలుపునకున్న అద్దము చాలును. బంతి నేలమీద నున్నది గనుక వంగక తప్పదు. కాని ఎక్కడ వంగవలెను? వీపును విల్లువలె వంచువారు పెక్కురు. వంగవలసినది తుంటియొద్ద. దీనికి చీపురు కర్ర వంటి నిటారు కర్రను వీపున నిలువుగ నుంచి, తలవెనుక, భుజముల నడుమ, వెన్నెముక అడుగున మూడుచోట్ల తాకించి పట్టుకొనవలెను. ఆ మూడు తాకులును విడిపోకుండ ముందునకు వంగి, పిమ్మట మోకాళ్లను కొంచెము సడలింపవలెను. చేతులను వ్రేలాడవిడిచినచో అవి యెక్కడ వ్రేలాడునో కర్ర అక్కడ ఉండవలెను. ఇంతే. ఇది సులువుగా తోచును గాని, కర్రను తీసివేసిన మరునిమిషముననే వీపు మరల గూనుపడుట అద్దములో చూడనగును.

తల విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. ఒహాయోలోని కొలంబసు నగరమున జాక్ నిక్లసు 1950లో, తన పదవయేట, సయోటో క్లబ్బులో జాక్ గ్రౌట్ అను గురువునొద్ద శిక్షణ మొదలిడెను. అక్కడి శీతకాలము దీర్ఘమైనది. రేకుల కప్పుగల ఒక కొట్టమునుండి వెలుపలి మంచులోనికి బంతులు కొట్టి ఆ బాలుడు సాధన చేసెను. ఊపులో తల కదలుచున్నదని, గ్రౌట్ సహాయకుడొకడు ఎదుట నిలిచి అతని జుట్టు పట్టుకొనెడివాడు. ఆ పిల్లవాడే తరువాత పదునెనిమిది మహాపోటీలు గెలిచెను. మన ఇండ్లలో ఈ పద్ధతిని మేము సిఫారసు చేయము. దానికి బదులుగా, గోడకు తలగడ నానించి, దానిపై నుదురు మోపి, తుంటియొద్ద వంగి నిలిచి, చేతులను రొమ్ముపై అడ్డముగా ముడిచి, భుజములను కుడికి త్రిప్పవలెను. తలగడ జారి పడకుండ భుజములు పాతిక సున్న పాళ్లు, అనగా తొంబది డిగ్రీల మేరకు, తిరుగగలిగిన మేలు. వయసు మళ్లినవారు తమకు చాలినంత త్రిప్పవచ్చును. తుంటి అందులో సగము తిరిగిన చాలును. పిమ్మట వెనుకకు తిరిగి, గోడకు బెత్తెడు దూరమున పిరుదులుంచి అదే కదలిక చేయవలెను. కుడికి తిరుగునపుడు కుడి పిరుదును, ఎడమకు మరలునపుడు ఎడమ పిరుదును గోడను తాకవలెను. దెబ్బవేళకు దేహము బంతివైపునకు త్రోసికొని లేచు అలవాటు గలవారికి ఎడమ పిరుదు తాకదు. గోడ అబద్ధమాడదు.

ఇప్పుడు ఊపు. ఎర్నెస్ట్ జోన్స్ అను ఇంగ్లీషు గురువు మొదటి ప్రపంచయుద్ధమున కుడికాలు మోకాలి దిగువ పోగొట్టుకొనెను. ఒంటికాలితో మరల ఆట సాగించెను. కాలు, నడుము, భుజము అని దేహమును ముక్కలుచేసి బోధించుట కాక, కర్ర తలను ఊపుటయే అసలు సంగతియని అతనికి తట్టెను. పిమ్మట అమెరికాకు పోయి న్యూయార్కు నగరమున గదిలోపలనే పాఠములు చెప్పెను. అతని పరికరమెట్టిదో వినుడు: ఒక జేబురుమాలు, దాని కొసకు కట్టిన చిన్న మడతచాకు. దానిని ఊపినచో రుమాలు నిటారుగా చాగి, చాకు చక్కని వంపున పోవును. బలవంతముగా గుంజినచో రుమాలు ముడుతపడి చాకు వెనుకబడును. కర్రకు పట్టుదప్పు ఉండవచ్చును, రుమాలునకు ఉండదు. చేతి బలాత్కారమును అది వెంటనే బయటపెట్టును. ఇంటిలో చాకు కట్టవద్దు. తువ్వాలును తడిపి గట్టిగా పిండి, కొసన ముడివేసిన చాలును. ముడి సాగినంత దూరమును తువ్వాలు బిగువుగా నిలిచినచో అదియే ఊపు.

దీనికి లయ కావలెను. నేర్పుగల ఆటగాండ్ర ఊపులను చలనచిత్రములలో లెక్కించి, కర్ర వెనుకకు పోవు కాలము మూడుపాళ్లును, పైనుండి బంతివరకు దిగు కాలము ఒకపాలును ఉండునని జాన్ నొవోసెల్ అను అమెరికన్ 2004లో ఒక పుస్తకమున వివరించెను. మనిషిని బట్టి వేగము మారినను ఈ పాళ్లు అంతగా మారవు. దీనిని మనవారు అనుసరించుట సులభము. తకధిమి అని చతురశ్రగతిని నోట పలుకుడు. 'త' యన్నపుడు కర్ర కదలవలెను; 'మి' యన్నపుడు పైకి చేరవలెను; మరుసటి 'త' పై బంతి యుండవలసిన చోటును దాటవలెను. తాళము వేయనేర్చినవారికి ఇంతకు మించి చెప్ప నక్కరలేదు. పూర్తి వేగమున సెకనుకు ఇంచుమించు నాలుగక్షరములు పడును. మొదటి నెలలో దానికి సగము కాలమున, విలంబముగా సాధన చేయుట మంచిది. గదిలో ఆడువారిలో పెక్కురు 'మి' వద్ద నిలువక 'ధి' నుండియే క్రిందికి దూకుదురు.

ఊపునకు ముందు గదిని చూచుకొనవలెను. డ్రైవరను పొడుగు కర్ర సుమారు 45 అంగుళములుండును. దానిని ఎత్తినచో మన ఇండ్లలో పంకా రెక్కకును, అమెరికా ఇండ్ల నేలమాళిగలలో తక్కువ ఎత్తు కప్పునకును తగులును. విరిగిన పాతకర్రను రెండడుగులకు కోయించి వాడుట క్షేమము. మొదటిమారు చాల నెమ్మదిగా ఎత్తి, ఏదియు తగులదని తెలిసిన పిమ్మటనే ఊపవలెను. పిల్లలు గదిలోనికి రాకుండ తలుపు గడియ వేసికొనుడు. అద్దాల బీరువా సంగతి ఇంటివారే గుర్తుచేయుదురు.

నేలపై ఒక దారము పరచి, లేదా సుద్దగీటు గీచి, అది బంతియనుకొనవలెను. పొట్టికర్రను ఊపినపుడు దాని అడుగు గీటునకు ఎడమవైపున, అనగా బంతికి ముందువైపున, తివాసీని ఒరయవలెను. ఇనుప కర్రతో కొట్టునపుడు బంతి మొదట, నేల తరువాత. గీటునకు వెనుక ఒరసినచో, మైదానమున మన్ను ఎగురును గాని బంతి ఎగురదు. చెవితోనే తెలిసికొనదగిన పరీక్ష యిది.

గుంట చెంత నున్నని పచ్చికపై బంతిని దొర్లించు దెబ్బకు పట్టింగని పేరు. దీనికి మాత్రము ఇంటిలో నిజమైన బంతియే పనికివచ్చును. పదునెనిమిది గుంటలకు డెబ్బదిరెండు దెబ్బలు లెక్కయైన మైదానమున, గుంటకు రెండు చొప్పున ముప్పదియారు దెబ్బలు ఇవియే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో బెంగుళూరు యువతి అదితి అశోక్ నాలుగవ స్థానము పొందినది. తనకన్న దూరము కొట్టువారి నడుమ ఆమెను అంతవరకు నడిపినది పట్టింగే. మన గచ్చునేలపై బంతి ఆగక పోవును గనుక మందమైన జంఖానా పరుపవలెను. దానిపై ఉక్కు స్కేలు నుంచి, ఒక కొసన బంతిని పెట్టి, రెండవ కొస దాటువరకు ప్రక్కకు జారకుండ దొర్లింపవలెను. గుంట అడ్డుకొలత 108 మిల్లీమీటర్లు. అంతకన్న చిన్నదగు గ్లాసు మూతిని గురిగా పెట్టుకొనినచో మైదానపు గుంట పెద్దదిగా తోచును.

యంత్రముల మాట కూడ చెప్పవలెను. కొరియాలో తెరమీద మైదానము కనబడు గదులలో నిజమైన బంతిని కొట్టు ఆట మిక్కిలి వ్యాపించినది. ఇతర దేశములలోను అట్టి గదులు వచ్చినవి. అవి వినోదమునకు మంచివే, చలినుండి కాపాడును. బంతి ఎక్కడికి పోయినదో అంకెలలో చెప్పును. కాని పట్టు మార్చుకొనుచున్న నెలలో వాటికి దూరముగా నుండుట మంచిదని మేము తలచెదము. బంతి మరల మనస్సును లాగుకొనును. అంకె బాగుండుటకై చేయి పాత పట్టునకు మరలును. రెండు నెలల తరువాత పోవచ్చును.

అద్దములేని, గురువులేని సాధనలో ఒక ప్రమాదమున్నది. తప్పును దినమునకు నూరుమారులు చేసినచో అది నూరురెట్లు గట్టిపడును. అందుచేత దినమునకు పదునైదు నిమిషములు చాలును; ఆదివారమున రెండు గంటలు చేయుట కన్న అదియే మేలు. సెల్లుఫోనును ఎదుట నిలిపి ఊపును చిత్రించి, వారమున కొకమారు చూచుకొనవచ్చును. వీలైనవారు శీతకాలపు మొదట నొకమారు, నడుమ నొకమారు గురువునకు చూపింపవలెను.

మంచు కరగి మైదానము తెరచిన మొదటినాడు పొడుగు కర్రను ఇంటనే యుంచుడు. పొట్టికర్రతో సగము ఊపున, తకధిమి తప్పక, ఇరువది బంతులు కొట్టుడు. పట్టు మార్చుకొన్నవారికి కొన్నాళ్లు బంతి ఎడమకు పోవును. చేతులు సరిగా కూర్చున్నవి. పాత తప్పును కప్పుటకు దేహము చేసిన సర్దుబాట్లు ఇంకను పోలేదు. అప్పుడు పట్టును మార్చరాదు. ఇంటికి వచ్చి, ఆ రాత్రి మరల గోడయొద్దను అద్దముయొద్దను నిలుచుండవలెను.